వాచీ లెక్క తప్పింది సరే, నా ఏడుపు కూడా తప్పేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. ఈమధ్య 'లవ్లీ రన్నర్' అనే కొరియన్ డ్రామా, ఒక వాచీ సాయంతో హీరోయిన్ గతంలోకి వెళ్లే కథ, మొదలుపెట్టి చివరిదాకా చూశాను, ఇప్పుడు రెండోసారి చూస్తున్నాను. మావారు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తారు. పక్కన కూర్చుంటే చాలు, ఐదు నిమిషాలకోసారి ఆపించి "ఆ వాచీకి పవర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు జరగనిది ఆ హీరోకెలా గుర్తొచ్చింది?" అంటారు. 'ఆదిత్య 369' టీవీలో వస్తే మాత్రం కదలరు! పోయిన ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వస్తే, నేను ఏడ్చిన తీరు అందరి ముందూ చేసి చూపించి నవ్వించారు. అప్పట్నుంచి రాత్రి పదకొండు దాటాక దుప్పట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నాను. కథలో లొసుగులున్నాయని నాకూ తెలుసు. తెలిసి కూడా ఎందుకు ఏడుస్తున్నాను? ఇది నా బలహీనతా?

జవాబు: మీరు రెండు తగువుల్ని ఒకే మూటలో కట్టి పంపారు. ఒకటి డ్రామాతో, ఇంకోటి మీవారితో. డ్రామాది తేలిక కాబట్టి ముందు దాన్ని విప్పుదాం.

మీవారు అడిగిన రెండు ప్రశ్నలూ ఒక జాతివి కావు. వాచీకి శక్తి ఎలా వచ్చిందన్నది లొసుగు కాదు. అది కథ కూర్చున్న పీట. భాగవతంలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, వరుణ్ణి చెప్పమని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఎలా గడిచాయని మనింట్లో ఎవరూ అడగలేదు. కానీ ఆ తరవాతి ప్రశ్న ఉంది చూడండి, పాత యుగపు పిల్ల ఈ యుగపు బలరాముడి కంటే చాలా పొడుగు కదా, పెళ్లెలా అని? దానికి విష్ణుపురాణం జవాబిచ్చింది: బలరాముడు నాగలి కొనతో ఆమె ఎత్తు తగ్గించాడట. లొసుగు పురాణకర్తకూ కనిపించింది, చేతికందిన పనిముట్టుతో పూడ్చేశాడు.

రెండో ప్రశ్న మాత్రం అసలైన లొసుగే. కథ తనకు తానే ఒక నియమం పెట్టుకుని దాన్ని తప్పడం. హీరోయిన్ ఇమ్ సోల్‌కు గతంలోకి వెళ్లడానికి మూడు అవకాశాలున్నాయి. అభిమాన గాయకుడు ర్యూ సన్-జే చనిపోయిన రాత్రి నుంచి 2008లోకి, తన స్కూలు రోజుల్లోకి వెళ్తుంది. గతంలో ఏం మారిస్తే వర్తమానం అలా మారుతుందని కథే మనకు నేర్పింది. ఆఖరిసారి ఆమె అతని ప్రాణం కోసం అసలు పరిచయమే కాకుండా తప్పుకుంటుంది. అంటే అతని జీవితంలో ఆమె లేదు. మరి ఆమె రాసిన సినిమా స్క్రిప్టు చేతికొచ్చాక అతనికి జరగని రోజులు గుర్తుకు రావడమేమిటి? పూడ్చడానికి డ్రామా వాడిన నాగలి సోల్ వాళ్ల బామ్మ. జ్ఞాపకాలు ఎక్కడికీ పోవు, మనిషి ఆత్మలోకి ఇంకిపోతాయన్న అర్థంలో ఒక మాటంటుంది. అంతే, అతుకు పడిపోయింది. అతుకు కనిపిస్తుంది కూడా.

ఇక మీ ఏడుపు సంగతి. రెండో ఎపిసోడ్ చివర గుర్తుచేసుకోండి. అప్పటిదాకా ప్రేమ ఆమెదే అనుకుంటాం. అభిమాని, తారను కాపాడుతోంది అనుకుంటాం. వానలో ఆమె పసుపు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పార్సిల్ తెచ్చిన కుర్రాడనుకుని అతని నెత్తిన పట్టిన దృశ్యం అతని వైపునుంచి చూపించేసరికి లెక్క తారుమారవుతుంది. ముందు ప్రేమించింది అతను! ఆ కథలో సన్-జే బృందం ఎక్లిప్స్ పాడే పాట పేరు 'సొనగి', అంటే ఉన్నట్టుండి కురిసే వాన. ఆ నిమిషం నుంచి డ్రామా మీకిచ్చిన మాట వాచీ గురించి కాదు, గొడుగు గురించి. లాజిక్ నిలబెడితే చివరి ఎపిసోడ్లలో ఇద్దరు అపరిచితులు మిగులుతారు, గొడుగు బాకీ తీరదు. రాసినవాళ్లు నియమం తప్పడానికి ఒప్పుకుని మాట నిలబెట్టుకున్నారు. మీరు ఏడ్చింది అది అందినందుకు. మోసపోయి కాదు. ఇందులో బలహీనత ఏమీ లేదు.

అలాగని అన్నిటికీ వెనకేసుకు రావక్కర్లేదు. టాక్సీ నడిపే ఆ హంతకుడు కథకు అవసరమైనప్పుడల్లా ప్రత్యక్షమవడం, తప్పించుకోవడం సౌకర్యం కోసం చేసిందే. అక్కడ మీవారిదే రైటు. ఒప్పేసుకోండి.

చూసే పద్ధతిలో మాత్రం రెండు మార్పులు అవసరం. ఏ టైమ్ ట్రావెల్ కథైనా మొదటి రెండు ఎపిసోడ్లయ్యాక ఒక కాగితం మీద మూడు ముక్కలు రాయండి: ఎలా వెళ్తారు, ఎన్నిసార్లు, గతం మారిస్తే ఎవరికి గుర్తుంటుంది. తరవాత ఎక్కడైనా తప్పితే పక్కన టిక్ పెట్టి ముందుకెళ్లండి. బుర్రలో తిరిగే అనుమానం మంచి సీన్ మధ్యలో లేచి పాడుచేస్తుంది, కాగితం మీదికెక్కితే కూర్చుంటుంది. రెండోది మోతాదు. ఈ డ్రామా 2024 ఏప్రిల్ 8 నుంచి మే 28 దాకా కొరియాలో టీవీఎన్ ఛానల్లో సోమ, మంగళవారాల్లో వచ్చింది. పదహారు ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైమాటే. వారానికి రెండు చొప్పున, మధ్యలో ఐదు రోజుల ఎడంతో వండిన వంట. ఒక్క రాత్రి నాలుగు మింగితే అతుకులన్నీ పళ్లకిందికొస్తాయి, చూపించిందే మళ్లీ చూపించినట్టు విసుగేస్తుంది. పైగా నిద్ర చాలనప్పుడు చిన్నదానికీ కళ్లు తడుస్తాయి, కాబట్టి అర్ధరాత్రి ఏడుపులో కథ వాటా ఎంతో తేల్చలేం. రోజుకు రెండు, రాత్రి పదిన్నరలోపు. ఎపిసోడ్ చివర ఆపుదామనుకుంటే ఆపలేరు, ఎందుకంటే తరవాతిది చూడాలనిపించే కొక్కెం ఎప్పుడూ చివరి ఐదు నిమిషాల్లోనే వేస్తారు. తరవాతిది పది నిమిషాలు చూసి, కొక్కెం వదులయ్యాక ఆపండి.

ఇక మీవారు. రోజంతా తప్పులు పట్టడమే జీతం ఇచ్చే పనైతే, సాయంత్రానికి కళ్లు మారవు. "జరగనిది ఎలా గుర్తొచ్చింది" అని అడగగలిగారంటే ఆయన కథని శ్రద్ధగానే చూశారు. నాకైతే అందులో దురుద్దేశం కనిపించలేదు. నలుగురిలో మీ ఏడుపుని ఆడించడం మాత్రం వేరే పని. ఈ రెండూ కలిపి మాట్లాడితే సంభాషణ మళ్లీ వాచీ దగ్గరికే వెళ్లి చస్తుంది. టీవీ కట్టేసి ఉన్న సమయంలో, పిల్లలుంటే వాళ్లు పడుకున్నాక, ఇంతే చెప్పండి: "మీరు కథని ఎంతైనా తిట్టండి. నా ఏడుపుని మాత్రం మీ అక్కచెల్లెళ్ల ముందు ఆటపట్టించొద్దు. ఆదివారం నాకు చాలా చిన్నతనం అనిపించింది." సరదాకి అన్నానంటే, "సరదా అని తెలుసు, అయినా వద్దు" అని ఆగిపోండి. అత్తగారి చేత చెప్పించకండి. 'ఆదిత్య 369' సంగతి కూడా అప్పుడు తీయకండి. 1991 నాటి ఆ యంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికి ఎలా వెళ్లిందో ఆయన అడగరన్నది నిజమే కానీ, గెలిచే వాదన ఇక్కడ పనికిరాదు.

అది తేలాక, చూసేటప్పటి ఒప్పందం: రిమోట్ మీ చేతిలో, మధ్యలో ఆపడం లేదు, అయిపోయాక పదిహేను నిమిషాలు ఆయనవి. ఆ కాగితం ఆయనకే ఇవ్వండి, టిక్కులు పెట్టుకుంటారు. లెక్క బిగుతుగా ఉన్నది కావాలంటే 2013 నాటి 'నైన్' అనే కొరియన్ డ్రామా చూడమనండి. తొమ్మిది అగరొత్తులు, ఒక్కోటి కాలే అరగంటసేపూ సరిగ్గా ఇరవై ఏళ్ల వెనక్కి. ఆయనకి నచ్చే సరుకు.

ఒక్క విషయం మీరే చూసుకోవాలి. డ్రామా కట్టేశాక కూడా రోజంతా దిగులుగా ఉండి, ఇష్టమైన పనులు కూడా రుచించక రెండు వారాలు దాటితే అది కొరియా సంగతి కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో అలాంటి జాడ కనిపించలేదు.

ఆడపడుచుకి సంజాయిషీ ఏమీ అక్కర్లేదు. ఎప్పుడైనా తనే అడిగితే పేరు చెప్పి, రెండో ఎపిసోడ్ చివరిదాకా చూడమనండి. గొడుగు సంగతి మాత్రం ముందే చెప్పకండి.