పదిహేను వందలకు 2 టీబీ ఎస్‌ఎస్‌డీ వస్తోంది, కొనవచ్చా?

కొనవద్దు. ల్యాప్‌టాప్‌లో 256 జీబీ నిండిపోయిందని, ఆ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్) తీసుకోవాలా, ఇంకా ఎక్కువ పెట్టి 1 టీబీ హార్డ్ డిస్క్ తీసుకోవాలా అని అడిగారు. హార్డ్ డిస్కే తీసుకోండి. అంత తక్కువకు నిజమైన 2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఎవరూ ఇవ్వలేరు. లోపలి చిప్పుల ఖరీదే అంతకు మించి ఉంటుంది.

మా మేనల్లుడు ఇలాంటిదే ఆన్‌లైన్‌లో తెప్పించాడు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలని వాడి పట్టుదల. భక్తులు రోజుకొకటిగా వేసే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలన్నీ తీశాడు. ప్రతి రాత్రి వీడియోలను ఆ డిస్కులోకి ఎక్కించి, ఫోనులో చోటు కోసం తుడిచేసేవాడు. జాతర ముగిశాక తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి. మొదట ఎక్కించిన బైరాగి వేషం, బండ వేషం వీడియోలు ఆడాయి. తక్కినవేవీ తెరుచుకోలేదు.

గాంధీ రోడ్డు దగ్గర రిపేరు చేసే ఆయన సన్నని స్క్రూడ్రైవర్‌తో అంచు లేపి చూపించాడు. లోపల వేలెడంత సర్క్యూట్ ముక్క, అందులో ఫోన్లలో వేసే 64 జీబీ మెమొరీ కార్డు, బరువు కోసం జిగురుతో అంటించిన ఇనుప పలక! "ఎంత పంపినా తీసుకున్నట్టే చూపిస్తుంది సార్. కార్డు నిండాక వచ్చిందంతా పోయినట్టే" అన్నాడు. మాతంగి వేషానికి మా అమ్మ గడపలో నిలబడి హారతి ఇచ్చిన వీడియో కూడా అలాగే పోయింది. అమ్మినవాళ్లు డబ్బు వాపసు ఇచ్చారు. ఆ డబ్బు ఎవరికి కావాలి?

అసలు నా కోపం ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల మీద. అంత ధర పెట్టి కొంటే లోపల 256 జీబీ ఇచ్చి ఊరుకుంటారు. పిల్లలు చవక సరుకు వైపు చూడక ఏం చేస్తారు?

ఈ రోజుల్లో హార్డ్ డిస్కులు తయారుచేసేవి సీగేట్, డబ్ల్యూడీ, తోషిబా మాత్రమే. ఆ మూడింటిలో ఏదైనా బిల్లుతో కొనండి. 1 టీబీ (వెయ్యి జీబీ) కొంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీ వెయ్యితోనూ విండోస్ 1024తోనూ లెక్క కట్టడం వల్ల వచ్చే తేడా. యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలిస్తే సెకనుకు 100 ఎంబీ దాకా వస్తుంది, దాచుకోవడానికి అది చాలు. లోపలి పళ్లెం తిరుగుతున్నప్పుడు మాత్రం డిస్కును కదపకండి, కింద పడిందా ఇక అంతే. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే ఇంకా వేగం కావాలి కనుక పేరున్న కంపెనీ 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి.

ఇంట్లో పాడైన పాత ల్యాప్‌టాప్ ఉందా? అందులోని రెండున్నర అంగుళాల డిస్క్ బాగుంటే కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టి రెండో కాపీకి వాడుకోండి. ఆ కాపీ వేరే ఇంట్లో ఉండాలి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు ఒకే అరలో పెట్టిన ల్యాప్‌టాప్, డిస్క్ రెండూ తడుస్తాయి. మా కాపీ చిత్తూరులో అక్క దగ్గర ఉంటుంది.

కొత్తది రాగానే, ఇంకా ఏమీ ఎక్కించకముందే, హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించండి. అది డిస్కును పూర్తిగా నింపి, తిరిగి చదివి, నిజంగా ఎంత పడుతుందో చెబుతుంది. 1 టీబీకి గంటలు పడుతుంది కనుక రాత్రి పెట్టి పడుకోండి. వాపసు గడువు దాటకముందే ఈ పని ముగించండి.