డాక్టర్ సలహా: తమ్ముడికి తెలియకుండా మందులా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బని ఎనిమిది నెలలుగా మందులు ఇస్తున్నారు. ఇప్పుడు చాలా నయం. మాత్రలు వద్దంటుంటే అమ్మ పెరుగన్నంలో కలిపి పెడుతోంది. మరీ మత్తుగా ఉన్న రోజు సగమే వేస్తున్నాం. డాక్టర్ గారు వాడితో విడిగా మాట్లాడి పంపేస్తారు, మాకేమీ చెప్పరు. డాక్టర్‌ని మార్చాలా?
– ఓ సోదరి, కూకట్‌పల్లి

జవాబు: డాక్టర్‌ని మార్చే సంగతి తర్వాత చూద్దాం. నాకు భయం వేసింది ఆ పెరుగన్నం మాట దగ్గర.

చూడమ్మా, ఈ జబ్బులో చాలామందికి వచ్చే అనుమానమే 'నా అన్నంలో ఏదో కలుపుతున్నారు' అని. అది నిజం కాదని నచ్చజెప్పడానికి మేం నెలల తరబడి తంటాలు పడతాం. మీ ఇంట్లో అది నిజం! ఒక్కసారి అతని కంట పడితే అమ్మ చేతి ముద్ద కూడా ముట్టడు, ఇక మందు సంగతి చెప్పేదేముంది? సగం తిని లేచిపోతే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికి తెలుసు? మెడ పట్టేసినా, చేతులు వణికినా అది మందువల్లేమోనని అతనికి తోచదు. డాక్టరేమో తనంతట తానే వేసుకుంటున్నాడనుకుని డోసు రాస్తారు.

సగం వేయడం ఇంకో పొరపాటు. అమ్మ బాధ అర్థమైంది, కానీ డోసు ఇంట్లో తేల్చేది కాదు. మత్తు ఎక్కువైతే వేళ మార్చొచ్చు, మందు మార్చొచ్చు. కొందరికి నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ పనికొస్తాయి. ఏది సరిపోతుందో చూసిన డాక్టరే చెప్పాలి. అలాగని నా మాట విని రేపటి నుంచి మందే మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఈ వారంలోనే వెళ్లి జరిగింది దాచకుండా చెప్పండి.

ఇక మీకేమీ చెప్పకపోవడం గురించి. రోగి విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. తమ్ముడికి ఇష్టమైతే మిమ్మల్ని తన ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. అప్పుడు చికిత్స గురించి మీరూ అడగొచ్చు. ఆ కాగితం లేకపోయినా, మీరు చూసింది మాకు చెప్పడానికి అడ్డేమీ లేదు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, తనలో తాను మాట్లాడుకుంటున్నాడా, స్నానం మానేశాడా – పది నిమిషాల ఓపీలో మాకు కనిపించనివి ఇవే.

నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోతానన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆస్పత్రి మీకు దూరమేమీ కాదు. ఆ పేరు వింటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అదే నా బాధ.

ఈసారి అమ్మ, మీరు, తమ్ముడు కలిసి వెళ్లండి. ముందు అతన్నే మాట్లాడనివ్వండి. మాత్రలు ఎందుకు వద్దంటున్నాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బరువు పెరుగుతున్నాడా? పొద్దున్నే లేవలేకపోతున్నాడా? అసలు అడిగారా?