ఆ తోటలో మీ అత్తగారికీ వాటా ఉందమ్మా

ప్రశ్న: మాది వికారాబాద్ దగ్గర పల్లె. మామగారు కొని, చెట్లు పెంచిన 20 గుంటల తోట ఉంది. టేకు, మామిడి, రెండు పెద్ద చింతచెట్లు. ఆయన పోయి మూడేళ్లయింది, వీలునామా లేదు, పట్టా ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మావారు హైదరాబాద్‌లో ఒక బిల్డర్ దగ్గర సూపర్‌వైజర్. చెట్లు కొట్టించి, ఇల్లు కట్టి సిటీవాళ్లకు అమ్ముదామంటున్నారు. పెట్టుబడికి నా బంగారం అడుగుతున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తయ్య సరిగా తినడం లేదు. ఏటా ఆ చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, ముద్దలు చేసి వదినకు పంపేది. ఇప్పుడు వదిన నా ఫోన్ కూడా ఎత్తడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మామగారు సొంతంగా కొన్న భూమి, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో మీ అత్తగారికి, మీవారికి, ఆడబిడ్డకు సమాన వాటాలు. హక్కుదారైన అత్తగారిని ఒక్క మాట అడగకుండా ఇంట్లో ప్లాన్ గీశారు. ఆమెకు ముద్ద దిగకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది.

మీవారిని తప్పుపట్టలేను. ఇన్నేళ్లూ ఎవరెవరి ఇళ్లకో దగ్గరుండి స్లాబులు వేయించిన మనిషి. ఒక్క ఇల్లయినా తనకోసం కట్టి నాలుగు రూపాయలు వెనకేసుకోవాలని ఉండదా? కానీ కూలీలకు వారం వారం డబ్బివ్వాలి, కొనేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. అప్పు తెస్తే, నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకున్నా 10 లక్షలకు నెలకు పదివేలు. ఏడాదిన్నర అమ్ముడుపోకపోతే వడ్డీయే 1,80,000. విరాసత్ (పట్టా వారసుల పేరుకు మారడం) కాకుండా, నాలా మార్పిడి (సాగుభూమిని ఇళ్ల వంటి అవసరాలకు మార్చుకోవడం), పంచాయతీ అనుమతి లేకుండా కడితే కొనేవాళ్లకు బ్యాంకు లోన్ దొరకడం కష్టం. మొత్తం డబ్బు చేతిలో పెట్టి కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? చెట్ల సంగతీ అంతే. సొంత పట్టాలోవే అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. టేకు కలప లారీ ఎక్కించాలంటే ఫారెస్టు వాళ్ల పర్మిట్ కావాలి.

బంగారం మీ స్త్రీధనం. ఇప్పుడే ఇవ్వనన్నంత మాత్రాన మీరు చెడ్డ భార్య అయిపోరు. "విరాసత్ కానీ, అత్తయ్య, వదిన మనస్ఫూర్తిగా సరే అననీ, అప్పుడు మాట్లాడుకుందాం" అనండి. కోపమొస్తుంది, రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడరు. తట్టుకోండి.

నాకు తోచింది ఇంకొకటి. హైదరాబాద్ నుంచి అంత దూరం కారేసుకుని వచ్చేవాళ్లు ఆ నీడ చూసే వస్తారు. చదును చేసిన జాగాలో ఇల్లయితే సిటీకి ఇంకా దగ్గరున్న శంకర్‌పల్లిలోనే దొరుకుతుంది. చింతచెట్ల జోలికి పోకుండా, దారి వైపు మూలన నాలుగైదు గుంటల్లో కడితే అప్పూ తగ్గుతుంది, మిగతా తోట ఇంటివాళ్లకే ఉంటుంది. ఈ లెక్క మీవారికి మీకంటే బాగా తెలుసు. ఒక పొద్దున అత్తగారితో పాటు ముగ్గురూ తోటకు వెళ్లండి. ఏ చెట్టు ఉండాలో ఆమెనే చూపించమనండి.

ఆడబిడ్డ ఫోన్ ఎత్తకపోతే ఈసారి చింతపండు ముద్దలు మీరే తీసుకెళ్లండి. ఆ రోజు ఇంటి ప్లాను ఊసెత్తకండి.