ప్రభువు బల్లకు ముందు తన్ను తాను పరీక్షించుకోవడం అంటే ఏమిటి?

ప్రభురాత్రి భోజనానికి (యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకొంటూ విశ్వాసులు రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆచారం; ప్రభువు బల్ల అన్నా ఇదే) ముందు తన్ను తాను పరీక్షించుకోవడమంటే బల్లకు దూరంగా ఉండడానికి కారణాలు వెదకడం కాదు. తన పాపాన్ని దేవుని యెదుట ఒప్పుకొని, తోటి విశ్వాసులతో చెడిన సంబంధాన్ని చక్కదిద్దుకొని, ఆ రొట్టె, ద్రాక్షారసం యేసు శరీరానికి, రక్తానికి గుర్తులని ఎరిగి పాలుపొందడం.

ఈ మాట బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలోనిది. ఆ సంఘం భోజనానికి కూడినప్పుడు ఎవరికి వారు ముందే తినేసేవారు. ఒకడు మత్తుగా ఉంటే, ఏమీ లేనివాడు ఆకలితో మిగిలేవాడు. పౌలు గద్దించింది ఆ తీరునే.

ఉదాహరణకు, పొలం గట్టు తగాదాతో ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే మందిరంలో, ఒకే చాప మీద కూర్చుని ఒకే పాత్ర అందుకోబోతున్నారనుకుందాం. శనివారం సాయంత్రమే ఒకరు రెండోవారి గడప తొక్కి మాట కలపడమే అక్కడ అసలైన సిద్ధపాటు. ఉతికిన తెల్లబట్టలు, పొద్దుటి ఉపవాసం మంచివే గాని దానికి బదులు కావు.

చాలామంది ‘నేను యోగ్యుణ్ణి కాను’ అనుకొని, పాత్ర తమ దాకా రాగానే తల దించుకొని పక్కవారికి అందించేస్తారు. కానీ అదే అధ్యాయంలోని ‘అయోగ్యముగా’ అన్న మాట పాలుపొందే విధానాన్ని చెబుతుంది, మనిషి అర్హతను కొలవదు. పైగా ఆ వాక్యం పరీక్షించుకొని తినమంటుందే తప్ప మానుకోమనదు. కతోలిక సంఘంలో మాత్రం ఘోరపాపం చేసినవారు ముందుగా గురువు (ఫాదర్) వద్ద పాపసంకీర్తనం చేయాలన్న, అంటే పాపాలు ఒప్పుకోవాలన్న నియమం ఉంది.