'యుద్ధానికి తెర' అని పెట్టే ముందు

హైదరాబాద్
2025 జూన్ 4

అమ్మాయీ,

సోమవారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "మామయ్యా, ఇస్తాంబుల్‌లో రష్యా, ఉక్రెయిన్ చర్చల్లో ఒప్పందం అని వార్తా ఏజెన్సీ ఇచ్చింది. 'యుద్ధానికి తెర?' అని హెడింగ్ పెట్టెయ్యనా? చివర ప్రశ్నార్థకం పెడతాలే" అన్నావు. అప్పుడే బీపీ బిళ్ల నోట్లో వేసుకున్నాను. "వద్దు, వద్దు" అని మాత్రం అనగలిగాను. నువ్వు నొచ్చుకున్నట్టున్నావు. ఇంటర్నేషనల్ పేజీ చేతికొచ్చి రెండు నెలలైనా కాలేదు. పెద్ద వార్త దొరికితే పెద్దక్షరాలు వెయ్యాలని ఎవరికుండదు? నాకూ ఉండేది. ఆ సరదా ఎలా తీరిందో ముందు చెప్తాను.

1982 జూన్. నేను పేపరు డెస్కులో చేరి రెండేళ్లు. ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలై కూడా అంతే. 80 సెప్టెంబర్ 22న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సేనలు ఇరాన్‌లోకి దిగాయి, ఖుర్రంషహర్ పట్టుకున్నాయి. 82 మే 24న ఇరాన్ ఆ ఊరిని వెనక్కి లాక్కుంది. నెల తిరక్కుండానే సద్దాం, ఇరాన్ గడ్డ మీదున్న మా సైన్యాన్ని వెనక్కి పిలిపిస్తున్నామన్నాడు. టెలిప్రింటర్ గంట కొట్టింది, కాగితం చింపుకొచ్చి రాయడానికి కూచున్నాను. వచ్చినవాడు వెళ్లిపోతానంటున్నాడు, ఇంకేముంది? 'ముగిసిన ఇరాన్-ఇరాక్ యుద్ధం' అని పేజీలో నాలుగు కాలాల (కాలమ్‌ల) మేర లాగించాను. ఆ రాత్రి న్యూస్ ఎడిటర్ సెలవు. మర్నాడు పేపరు చూసి ఆయన ఒకే మాటన్నాడు: "ఇద్దరు కొట్టుకుంటుంటే ఒకడు చాలన్నంత మాత్రాన కొట్లాట ఆగుతుందిటోయ్?"

జులైలో ఇరాన్ సేనలు సరిహద్దు దాటి ఇరాక్ నగరం బస్రా మీదికి నడిచాయి. అప్పుడు వాళ్లది పైచెయ్యి. సద్దాం దిగిపోవాలి, నష్టపరిహారం కట్టాలి అన్నారు. యుద్ధం ఇంకో ఆరేళ్లు సాగింది.

ఆ నెలాఖరులో నిజామాబాద్ వైపు నుంచి డెస్కుకి ఒక కార్డు వచ్చింది. పదిహేను పైసల పోస్టుకార్డు, ఎవరిచేతో రాయించినట్టుంది. "మా ఆయన బస్రల కంపెనీ పనికి పోయిండు. సెలవు మీద వచ్చినోన్ని, లడాయి అయిపోయిందని మీ పేపర్ల చూసి మల్ల పంపిచ్చిన. ఇప్పుడు బస్రల బాంబులు పడుతున్నయని రేడియోల చెప్తున్నరు. ఏది నిజం?" జవాబు రాయడానికి రెండుసార్లు ఇన్లాండ్ కవరు తీశాను. ఏం రాయాలో తోచలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే సంధి వార్త ఏది వచ్చినా మొదట చూసేది ఒకటే: ఒకే రోజున ఇద్దరికీ యుద్ధం చాలనిపించిందా? 82 నుంచి ఇరాక్‌కి చాలనిపిస్తూనే ఉంది, ఇరాన్‌కి అనిపించలేదు. 1987 జులై 20న భద్రతా మండలి 598వ తీర్మానం చేసింది: కాల్పులు ఆపండి, సరిహద్దు వెనక్కి వెళ్లండి అని. ఇరాన్ దాన్ని ఏడాదిపాటు అవుననకుండా, కాదనకుండా నానబెట్టింది. 88 ఏప్రిల్‌లో, ఇరాక్ నుంచి లాక్కున్న ఫావ్ ద్వీపకల్పం ఇరాన్ చేజారింది. జులై 3న అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చేస్తే 290 మంది పోయారు. రెండు వారాలకు, జులై 18న, అదే కాగితానికి ఇరాన్ సరేనంది. అందులో ఒక్క అక్షరం మారలేదు. ఇది విషం తాగడం లాంటిదని ఇరాన్ అధినేత ఖొమేనీ అంతటివాడు తన జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 20న కాల్పులు ఆగాయి. ఈసారి ఆ వార్త రాసిందీ నేనే. రెండు కాలాలు పెట్టాను, హెడింగ్‌లో 'ముగిసిన' అనే మాట లేదు.

లేకపోవడమే మంచిదైంది. శాంతి ఒప్పందమంటూ వాళ్ల మధ్య జరగలేదు. ఇరాన్‌తో సరిహద్దు మీద కుదిరిన 1975 అల్జీర్స్ ఒప్పందాన్ని టీవీ కెమెరాల ముందు చింపి యుద్ధానికెళ్లిన సద్దాం, 1990 ఆగస్టులో కువైట్ మీద పడ్డాక, ఇటువైపు గొడవ లేకుండా ఉండాలని అదే ఒప్పందానికి మళ్లీ ఒప్పుకున్నాడు. లక్షల మంది పోయాక గట్టు మొదటున్న చోటికే వచ్చింది. యుద్ధఖైదీల్లో చివరివాళ్లు ఇళ్లకు చేరేసరికి 2003. పోరు నష్టం, పొందు లాభం అని మా అమ్మమ్మ ఊరికే అనేది. సామెతలో తప్పు లేదు. కాకపోతే నష్టం లెక్కవేసేవాడూ, ఆ నష్టం పడేవాడూ ఒకడే అయితేనే అది పనికొస్తుంది.

ఇక నీ ఇస్తాంబుల్. సోమవారం చిరాగాన్ ప్యాలెస్‌లో ఇరుపక్షాలూ కూచున్నది గంట పైచిలుకు. దానికి ముందు రోజే ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా లోపలి వైమానిక స్థావరాల్లో నిలిపిన బాంబర్ల మీద పడ్డాయి. అలాంటి దాడి జరిగిన మర్నాడు కూడా రెండు బృందాలూ వచ్చి కూచున్నాయి చూశావా, నాకు అది పెద్ద వార్త. ఏజెన్సీ వాడు దాన్ని ఎనిమిదో పేరాలో పడేశాడు.

కుదిరిందేమిటో నీ కాపీలోనే ఉంది, మళ్లీ చదువు. తీవ్రంగా గాయపడ్డ, జబ్బుపడ్డ ఖైదీలనూ, పాతికేళ్ల లోపు సైనికులనూ అప్పగించుకోవడం. ఒక్కో వైపు నుంచి 6,000 మృతదేహాల దాకా ఇచ్చిపుచ్చుకోవడం. అంతే. కాల్పుల విరమణ మాట తేలలేదు. షరతులు లేకుండా ముందు కాల్పులు ఆపుదాం, మిగతావి తర్వాత అంటుంది ఉక్రెయిన్. ముందు 'మూల కారణాలు' తేల్చండి అంటుంది రష్యా. శవాలు ఏరుకోవడానికి కొన్నిచోట్ల రెండు మూడు రోజులు ఆపుతామంది. ముందు ఏది, వెనక ఏది అన్నది చిన్న తగాదాలా కనిపిస్తుంది, కానీ అసలు పట్టు అక్కడే. కాల్పులు ఆగితే నేల మీద ముందుకు జరుగుతున్నవాడి చేతిలో బెత్తం పోతుంది. ఆగకపోతే రెండోవాడికి తలకు తుపాకీ పెట్టించుకుని బేరమాడాల్సిన గతి.

ఖైదీలు, శవాలు, ధాన్యం. వీటి మీద కుదిరే మాటల్ని చిన్నచూపు చూడకు, అలాగని సంధికి తొలిమెట్టని రాసెయ్యకు. మే 16న మొదటి విడత కూచుని, నెలాఖరులోగానే తలా వెయ్యిమందిని అప్పగించుకున్నారు. ఆ రోజుల్లోనే క్షిపణులూ పడ్డాయి. 2022 జులైలో నల్లసముద్రం ధాన్యం ఒప్పందం గుర్తుందా? మీ అమ్మ పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు ధర చూసి వేరుశెనగ నూనెకి మారిన ఏడాది. ఆ ఒప్పందంలో రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు. తుర్కియే, ఐక్యరాజ్యసమితితో ఎవరి కాగితం మీద వాళ్లు విడివిడిగా పెట్టారు. అయినా ఏడాదిలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు ఓడలెక్కాయి. 2023 జులైలో రష్యా తప్పుకుంది, అక్కడితో సరి. ఇలాంటి ఒప్పందాల వల్ల మిగిలేది, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇద్దరికీ తెలిసి ఉండటం. అది చిన్న సంగతేం కాదు. కానీ దానికి నాలుగు కాలాలు అక్కర్లేదు.

అసలు సంధి ఎక్కడ చిక్కుకుందో నీ నోట్‌బుక్కులో ఒక పేజీ రాసి పెట్టుకో, ప్రతి విడతకీ తీసి చూడు. ఒకటి నేల. 2022 సెప్టెంబర్ 30న దొనెత్స్క్, లుహాన్స్క్, జపొరీజియా, ఖేర్సన్ మావేనని రష్యా ప్రకటించి రాజ్యాంగంలో ఎక్కించుకుంది. ఎక్కించుకుంది గానీ, జపొరీజియా నగరం ఏనాడూ దాని చేతికి రాలేదు. ఖేర్సన్ నగరం ఆ నవంబర్‌లోనే చేజారింది. అటువైపు ఉక్రెయిన్ రాజ్యాంగం, దేశమంతా ఓటేస్తే తప్ప సరిహద్దు మార్చడానికి లేదంటుంది. అంటే బల్ల దగ్గర కూచున్నవాడు ఊ అన్నా సంతకం చెల్లదు. అందుకే 'భూమి అప్పగింతకు అంగీకారం' అని ఎవరు ఇచ్చినా ఆగి, ఎవరి అధికారంతో అని అడుగు. సైన్యాలు ఎక్కడివక్కడ నిలబడటం వేరు, హక్కు వదులుకోవడం వేరు. మొదటిది జరిగే వీలుంది. రెండోది నా జీవితకాలంలో చూస్తాననుకోను.

రెండోది హామీ. 1994 బుడాపెస్ట్‌లో తన గడ్డ మీదున్న అణ్వాయుధాలు వదులుకుంటే నీ సరిహద్దుకు ఢోకా లేదని ఉక్రెయిన్‌కి రాసిచ్చినవాళ్లలో రష్యా కూడా ఉంది. ఇరవై ఏళ్లకు క్రిమియా పోయింది. 2014లో, 2015లో మిన్‌స్క్‌లో కుదిరిన కాల్పుల విరమణలు నిలవలేదు. ఇన్నిసార్లు కాలినవాడు ఉత్త కాగితం పుచ్చుకోడు. 2022 మార్చి చివర ఇదే ఇస్తాంబుల్‌లో కూచుని, ఏప్రిల్‌లోనూ మాటలు సాగించి, దాదాపు దగ్గరికొచ్చారంటారు. ఉక్రెయిన్ నాటోలో చేరదు, బదులుగా కొన్ని దేశాలు కాపుంటాయి అన్నది చట్రం. ఆ హామీ దేశాలన్నీ ఒప్పుకుంటేనే సాయం చెయ్యాలని రష్యా మెలిక పెట్టింది. హామీదారుల్లో రష్యా కూడా ఉంది మరి! దొంగ ఊ అంటేనే పోలీసు కదలాలన్నమాట. ఈలోగా రష్యా సేనలు వెళ్లిపోయాక, కీవ్ పక్కనున్న బుచా వీధుల్లో శవాలు బయటపడ్డాయి. చర్చలు ఆ మెలిక వల్ల చెడ్డాయా, బుచా వల్లనా, పడమటి దేశాల మాట వల్లనా అని ఇప్పటికీ వాదులాట నడుస్తోంది. ఒక్క కారణం చెప్పే వ్యాసం తర్జుమాకి వస్తే, పక్కన రెండోది కూడా వేసుకో.

మాటల దగ్గర జాగ్రత్త. కాల్పుల విరమణ, యుద్ధ విరమణ, శాంతి ఒప్పందం మూడూ ఒకటి కావు. హెడింగ్‌లో చోటు చాలలేదని ఒకదాని బదులు ఒకటి వెయ్యకు. కొరియాలో 1953 జులై 27న కుదిరింది యుద్ధ విరమణ. దాని మీదే ఆ దేశాలు ఇవాళ్టికీ బండి లాగిస్తున్నాయి. శాంతి ఒప్పందం రాలేదు, దక్షిణ కొరియా అసలు సంతకమే పెట్టలేదు. అక్కడ చర్చలు 51 జులైలో మొదలయ్యాయి, నవంబర్‌కల్లా గీత ఎక్కడ గియ్యాలో తేలింది. తేలాక కూడా ఇరవై నెలలు చంపుకున్నారు. ఎందుకనుకున్నావు? 'ఇంటికి వెళ్లం' అంటున్న ఖైదీల్ని బలవంతాన పంపాలా వద్దా అని! స్టాలిన్ 53 మార్చిలో పోయేదాకా ముడి వదల్లేదు. చివరికి ఆ ఖైదీలు సుమారు 22,600 మందిని కాపాడే పని మన సైన్యం నెత్తిన పడింది. తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. దక్షిణ కొరియా అధ్యక్షుడు రీ, భారత సైనికులు నా నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. అందుకని ఓడల మీంచి వాళ్లను హెలికాప్టర్లలో ఎక్కించి నిస్సైనిక ప్రాంతంలో దింపారు. మధ్యవర్తి అంటే పూలదండలు పడతాయనుకునేవాళ్లకి ఇది చెప్పు. ఆ ఖైదీల్లో 88 మంది అటూ వెళ్లక, ఇటూ వెళ్లక మన సైన్యంతోపాటు ఇండియాకి వచ్చేశారు.

ఇంకో సంగతి. చర్చలకు వచ్చినవాళ్లందరూ సంధి కోసమే వచ్చారనుకోకు. మన ఊళ్లలో రాయబారం నాటకం తెల్లారేదాకా చూస్తాం కదా. అయిదూళ్లిస్తే చాలన్నప్పుడు దుర్యోధనుడు ఇస్తాడని కృష్ణుడు నిజంగా అనుకున్నాడంటావా? అడిగాం, కాదన్నాడు అని లోకానికి తెలియాలి. ఇప్పుడు కీవ్, మాస్కో రెండూ వాషింగ్టన్ వైపు ఒక కన్నేసి మాట్లాడుతున్నాయి. చర్చలు చెడితే నెపం ఎవరి మీద పడుతుందా అన్నదే ఇద్దరికీ దిగులు. 'నిర్మాణాత్మకంగా సాగాయి' అని ఇద్దరూ అంటే ఏమీ తేలలేదని అర్థం. 'సూత్రప్రాయంగా అంగీకరించారు' అంటే ఒప్పుకోలేదని. తేదీ, చోటు, సంఖ్య ఉన్న వాక్యం ఎక్కడుందో వెతుకు, దాన్ని లీడ్‌లోకి, అంటే మొదటి పేరాలోకి తే. సోమవారం నీ కాపీలో అలాంటివి 25 ఏళ్లు, 6,000. రెండూ నాలుగో పేరాలో ఉన్నాయి.

ఆ దేశాల యుద్ధం మన పాఠకులకి ఎందుకని మీ వాళ్లెవరో అన్నారన్నావు. 2022లో ఉక్రెయిన్ మెడికల్ కాలేజీల బేస్‌మెంట్లలో దాక్కుని పిల్లలు ఫోన్లు చేస్తుంటే ఇక్కడ తల్లిదండ్రులు టీవీల ముందు కూలబడ్డ రోజులు వాళ్లు మర్చిపోయుంటారు. హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్లి రష్యా సైన్యంలో తేలిన మన కుర్రాళ్ల సంగతి అంతకంటే దగ్గరిది. 2024లో హైదరాబాద్‌వాడొకడు అక్కడే పోయాడు. మృతదేహాల అప్పగింత అనే మాట ఆ ఇంట్లో ఎలా చదువుతారో చూసుకుని రాయి.

నేనైతే సోమవారం రాత్రి ఇలా పెట్టేవాణ్ని: 'ఖైదీలు, మృతదేహాల అప్పగింతకు ఓకే'. కింద చిన్నక్షరాల్లో, 'కాల్పుల విరమణపై కుదరని మాట'. రెండు కాలాలు, మ్యాపుతో. మ్యాపులో యుద్ధరేఖ ఏ తేదీదో తప్పక వెయ్యి, పోయినేడాది బొమ్మే తిప్పి తిప్పి వాడుతున్నారని మొన్న గమనించాను.

మూడో విడత ఎప్పుడన్నా పడితే మళ్లీ ఫోన్ చెయ్యి. కాస్త పదిన్నరలోపు చెయ్యి, బిళ్ల వేసుకోకముందు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య