ఆంబోసెలి వ్యాసం రాసిన అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. శ్రద్ధగా చదివాను. హనీమూన్‌కి కెన్యాలోని ఆంబోసెలి జాతీయ పార్కుకి వెళ్లిరావడమూ, చూసినవి మరిచిపోకముందే రాయడమూ, రెండూ నాకు సంతోషం కలిగించాయి.

అయితే అందులో ముప్పాతిక భాగం ప్రయాణపు టెన్షన్, నైరోబీ ట్రాఫిక్, టెంట్లో భోజనం, సింహం కనబడలేదన్న బెంగతోనే సరిపోయింది. ఎక్కడో చివర్లో, చిత్తడి నేల అంచున పడి ఉన్న దవడ ఎముక దగ్గర ఏనుగుల గుంపు ఆగిందనీ, గైడ్ ఇంజన్ ఆపేశాడనీ రెండు వాక్యాల్లో తేల్చేశావు. ఆ వెంటనే, "మా ఆయన పోయిన వాళ్లమ్మ గురించి మొదటిసారి మాట్లాడారు" అని ఒక్క ముక్క. ఆపైన తిరుగు ప్రయాణం! చదువుతున్న నాకు ప్రాణం ఉసూరుమంది. నువ్వు రాయాల్సిందంతా అక్కడే ఉందమ్మా.

"తల్లి ఎముకలని గుర్తుపట్టి ఏనుగులు కన్నీరు పెట్టుకున్నాయి" అన్న వాక్యం కొట్టెయ్. ఆంబోసెలిలో ఏనుగులని 1972 నుంచీ ఒక్కొక్క కుటుంబంగా గుర్తుపెట్టుకుని గమనిస్తున్నారు. అక్కడి పరిశోధకులు ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం పుర్రెలని పక్కపక్కన పెట్టి చూస్తే, ఏనుగులు ఎక్కువగా ఏనుగు పుర్రె దగ్గరే ఆగాయి. కానీ చనిపోయిన తమ పెద్ద ఏనుగు పుర్రెని మిగతా ఏనుగుల పుర్రెలతో కలిపి పెట్టినప్పుడు, దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోలేదు. నువ్వు చూసిన చెంపల మీది తడి కూడా కన్నీరు కాకపోవచ్చు. కంటికీ చెవికీ మధ్య ఉండే గ్రంథి, ఏనుగు మనసు కలవరపడినప్పుడు స్రవిస్తుంది. ఇది తెలిశాక నాకైతే ఆ దృశ్యం ఇంకా పెద్దదైంది. తమవాళ్లో కాదో తెలియని ఎముక కోసం అవి దారిలో ఆగాయి, చూశావా!

కాబట్టి ఏడ్చాయనకు, ఏం చేశాయో చెప్పు. ముందు ఏది ఆగింది? తొండం కొస దవడ మీద ఎక్కడెక్కడ తడిమింది? పళ్లున్న చోటా? వెనక కాలితో మెల్లగా తాకిందా? పిల్ల ఏనుగు ఏం చేస్తోంది? అప్పుడు కిలిమంజారో కనిపిస్తోందా, మబ్బు కమ్మిందా? ఆ కొండ మీది నీరే భూమి లోపలినుంచి వచ్చి ఆ చిత్తడిలో ఊరుతుంది. కరువు రోజుల్లోనూ ఏనుగులు అక్కడికి చేరేది అందుకే. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెబితే, అవి అక్కడికెందుకు వచ్చాయో పాఠకుడికి అర్థమవుతుంది.

తర్వాత మీ ఆయన దగ్గరికి రా. ఆయన అన్న మాటలు అన్నట్టే పెట్టు. వాళ్లమ్మ చేతి వంట గురించా, ఆసుపత్రి గురించా, ఏదైతే అది. ఏనుగులని చూసి అమ్మ గుర్తొచ్చిందని నువ్వు ముడిపెట్టకు. పక్కపక్కన ఉంచితే చాలు, చదివేవాళ్లు కలుపుకుంటారు. నువ్వేమన్నావో కూడా రాయి. ఏమీ అనలేకపోతే అదే రాయి, పెళ్లయి నెల తిరగని అమ్మాయికి ఆ క్షణంలో మాట ఎక్కడినుంచి వస్తుంది!

ఇంకొకటి. ఆ దుఃఖం ఆయనది. రాసింది ముందు ఆయనకి చదివి వినిపించు. వద్దంటే ఆ భాగం నీ దగ్గరే ఉంచుకో. సరేనంటే నాకు పంపు, పత్రికకి ఇచ్చేముందు ఇంకోసారి చూసిపెడతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ