క్యాన్సర్ ‘తగ్గింది’ అనాలా, ‘అదుపులో ఉంది’ అనాలా?

సందేహం: మా బంధువుకు ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్. డాక్టరుగారు ‘జబ్బు అదుపులో ఉంది’ అంటున్నారు. ‘తగ్గిందని ఎందుకు అనరు?’ అని ఇంట్లో బెంగ. నిర్మూలిస్తేనే కదా చికిత్స? ఏ మాట సరైనది?

సమాధానం: డాక్టరుగారి మాటే సరైనది. ‘తగ్గు’ క్రియతో చిక్కుంది. ‘ధర తగ్గింది’ అంటే ఇంకా ఎంతో కొంత ఉన్నట్టే. ‘జ్వరం తగ్గింది’ అంటే మాత్రం పూర్తిగా పోయిందనే అనుకుంటాం. గడ్డ సగమైందన్న అర్థంలో డాక్టరు ‘తగ్గింది’ అంటే, నయమైపోయిందని మందులు మానేసేవాళ్లుంటారు. గడ్డ ‘చిన్నదైంది’, జబ్బు ‘అదుపులో ఉంది’, మొత్తం పోతే ‘నయమైంది’ అని విడివిడిగా అనడం మేలు.

షుగరు అదుపులో ఉందంటే ఎవరూ బెంగపడరు, సంతోషిస్తారు. ఆ మాటకు క్యాన్సర్ దగ్గర విలువ తగ్గనక్కర్లేదు. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ ఉన్న చాలామంది రోజూ మందు వేసుకుంటూ ఏళ్ల తరబడి మామూలుగా బతుకుతున్నారు.

‘నిర్మూలన’ అంటే వేళ్లతో సహా పెకలించడం. తొలిదశలో దొరికిన క్యాన్సర్లకు చాలావరకు అదే లక్ష్యం, అలాగే ఉండాలి. ఒళ్లంతా పాకిన జబ్బులో అదే పట్టుదల ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. మందుకు లొంగే కణాలన్నీ చచ్చాక, లొంగనివి పోటీ లేక విజృంభిస్తాయి. అమెరికాలో క్యాన్సర్ పరిశోధకుడు రాబర్ట్ గేటెన్‌బీ బృందం 2017లో ఫలితాలు ప్రకటించిన చిన్న ప్రయోగం ఈ ఆలోచనతో చేసిందే. వ్యాపించిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పీఎస్ఏ (జబ్బు తీవ్రతను సూచించే, రక్తంలో కొలిచే ప్రోటీన్) సగానికి దిగగానే అబిరాటెరోన్ అనే మందు ఆపారు, మళ్లీ మొదటి స్థాయికి చేరాక ఇచ్చారు. లొంగే కణాలను కొన్ని బతకనిచ్చి, వాటిచేతే మొండివాటిని అణచి ఉంచడమన్నమాట. ఇది పరిశోధనలో ఉన్న పద్ధతి. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకూడదు.

ఈ భావం మనకు కొత్తది కాదు. ఆయుర్వేద గ్రంథాల్లో సాధ్య, అసాధ్య వ్యాధుల నడుమ ‘యాప్యం’ అని ఒక తరగతి ఉంది. పూర్తిగా పోదు, కానీ చికిత్స సాగినన్నాళ్లూ మనిషిని నిలబెట్టవచ్చు. ‘కాలయాపన’లోని ‘యాపన’ దీనికి దగ్గర చుట్టమే, గడిపించడమని అర్థం. కాలయాపనను ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, ఇలాంటి రోగికి కాలం గడవడమే కావలసింది. ‘యాప్యం’ నేడు ఎవరికీ అర్థం కాదు కాబట్టి ‘అదుపు’నే వాడండి.

మీ ఇంట్లోవాళ్లను ‘తగ్గిందా?’ అని అడగడం మానమనండి. తిండి సయిస్తోందా, నొప్పి లేకుండా నిద్రపడుతోందా అని ఆయన్ను అడగమనండి. ఇప్పుడిస్తున్న మందు నయం చేయడానికా, అదుపు చేయడానికా, బాధ తీర్చడానికా అని డాక్టరుగారిని సూటిగా అడగవచ్చు.